755 వెనక 23 సీజన్లు: హ్యాంక్ ఆరన్ హోమ్ రన్ రికార్డు ఎలా తయారైంది?

క్లుప్తంగా: అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అత్యధిక హోమ్ రన్లు కొట్టిన ఆటగాడిగా అధికారిక పట్టికలో ఉన్న పేరు బ్యారీ బాండ్స్. అతడి మొత్తం 762. అయినా హ్యాంక్ ఆరన్ సాధించిన 755నే అసలైన రికార్డుగా భావించేవారు చాలామంది ఉన్నారు. ఆరన్ ఏ ఒక్క సీజన్‌లోనూ 50 హోమ్ రన్లు కొట్టలేదు. అతడి మొత్తానికి పునాది ఏళ్ల తరబడి తగ్గని నిలకడ, గాయాలకు లొంగని శరీరం, వయసుకు తగ్గట్టు ఆటను మార్చుకున్న తెలివి. ఆ మొత్తం ఎలా పెరిగింది, దాన్ని అందుకునే దారిలో జాతి విద్వేషం ఎందుకు అడ్డుపడింది, ఇతర రికార్డులతో పోలిస్తే దాని స్థానం ఏమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఒకే రికార్డుకు ఇన్ని అంకెలా?

2025 జులైలో అట్లాంటాలో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌ను మధ్యలో కాసేపు ఆపి, స్టేడియంలో దీపాలు తగ్గించి, పాత రికార్డును దాటుతూ 1974 ఏప్రిల్ 8 రాత్రి ఆరన్ కొట్టిన 715వ హోమ్ రన్‌ను మైదానంపై కాంతి దృశ్యాలతో మళ్లీ ప్రదర్శించారు. ఆ స్టేడియం చిరునామాలోని ఇంటి నంబరు కూడా 755. ఇంత గౌరవం దక్కుతున్న అంకె అధికారిక పట్టికలో మాత్రం రెండో స్థానంలో ఉంది. బేస్‌బాల్‌ను దూరం నుంచి గమనించే పాఠకులకు, అట్లాంటా, డాలస్ శివార్లలో స్థిరపడి పిల్లల ద్వారా ఈ ఆటకు దగ్గరవుతున్న తెలుగు కుటుంబాలకు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

బేబ్ రూత్ 714 దగ్గర ఆగాడు. ఆరన్ 755కు చేరాడు. బాండ్స్ 762తో ముగించాడు. జపాన్ లీగ్‌లో సదహారు ఓ 868 కొట్టాడు. నల్లజాతి ఆటగాళ్లకు మేజర్ లీగ్ తలుపులు మూసి ఉన్న రోజుల్లో ఆడిన జాష్ గిబ్సన్ గురించి హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే సంస్థ) ఫలకం ‘దాదాపు 800’ అంటుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు సమాధానం. ఆ ప్రశ్నలను కలిపేయడం వల్లనే ‘అసలు రాజు ఎవరు’ అన్న వాదన తెగడం లేదు.

ఆట తెలియనివారికి ఒక మాట. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ ఫౌల్ గీతల మధ్య నుంచి నేరుగా కంచె అవతలికి పంపితే అది హోమ్ రన్. దాంతో బ్యాటర్, అప్పటికే బేస్‌లపై (పరుగు పూర్తికావడానికి తాకాల్సిన మజిలీలు) ఉన్న సహచరులు అందరూ తిరిగి వచ్చి పరుగులు నమోదు చేస్తారు. మేజర్ లీగ్ సీజన్‌లో ఒక్కో జట్టు ఇప్పుడు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. 1960 వరకు అవి 154. ఒక సీజన్‌లో 30 హోమ్ రన్లు కొడితే మంచి ఏడాది, 40 కొడితే చాలా గొప్ప ఏడాది.

మొబైల్ పట్టణం నుంచి మిల్వాకీకి

హెన్రీ లూయీ ఆరన్ 1934 ఫిబ్రవరి 5న అలబామా రాష్ట్రంలోని మొబైల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులకు ఎనిమిది మంది పిల్లలు. ఆటసామగ్రి కొనే స్తోమత లేని ఇల్లు. చీపురు కర్రలతో సీసా మూతలను కొట్టి సాధన చేశాడు. కుడిచేతి వాటం బ్యాటర్లు కుడిచేతిని పైన, ఎడమచేతిని కింద ఉంచి బ్యాటు పట్టుకుంటారు. నేర్పేవాళ్లు లేక ఆరన్ ఆ పట్టును తిరగేసి పట్టుకునేవాడు. వృత్తి ఆటగాడిగా మారే దశలోనే ఆ అలవాటు మానుకున్నాడు. ఆ ఒక్క పట్టణం నుంచే సాచెల్ పేజ్, విల్లీ మెకోవీ, బిల్లీ విలియమ్స్ వంటి దిగ్గజాలు కూడా వచ్చారన్నది గమనించాల్సిన విషయం. అలబామాలో జాతి వివక్ష చట్టబద్ధంగా అమలైన ఆ కాలంలో నల్లజాతి కుర్రాళ్లకు తెరిచి ఉన్న దారుల్లో బేస్‌బాల్ ఒకటి. అది కూడా 1947లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన తర్వాతే నిజమైన దారి అయింది.

1952లో ఆరన్ నల్లజాతి జట్టు ఇండియానాపొలిస్ క్లౌన్స్‌కు ఆడాడు. కొద్ది నెలల్లోనే బోస్టన్ బ్రేవ్స్ సంస్థ 10 వేల డాలర్లకు అతడి ఒప్పందాన్ని కొనుగోలు చేసింది. న్యూయార్క్ జెయింట్స్ కూడా పోటీపడింది. బ్రేవ్స్ నెలకు 50 డాలర్లు ఎక్కువ ఇస్తామనడంతో ఆరన్ అటు మొగ్గాడు. ఆ 50 డాలర్ల తేడా లేకపోతే జెయింట్స్ దిగ్గజం విల్లీ మేస్, ఆరన్ ఒకే జట్టులో పక్కపక్కన ఆడేవారు.

1953లో అతడిని జాక్సన్‌విల్ జట్టుకు పంపారు. దక్షిణాది రాష్ట్రాల్లో జరిగే సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో అప్పటివరకు నల్లజాతి ఆటగాళ్లు లేరు. ఆ గీతను చెరిపిన కొద్దిమందిలో ఆరన్ ఒకడు. జట్టుతో కలిసి హోటల్లో ఉండనివ్వలేదు, రెస్టారెంట్లలో తిననివ్వలేదు. ఆ ఏడాది 0.362 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి అవకాశాల్లో 362 హిట్లు, అంటే బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడం) లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఎదురైన ద్వేషం అతడికి కొత్తది కాదు. కొత్తదల్లా దాని పరిమాణమే.

అప్పటికి బ్రేవ్స్ జట్టు మిల్వాకీకి తరలిపోయింది. 1954 వసంతకాల శిక్షణ శిబిరంలో జట్టు ఆటగాడు బాబీ థామ్సన్ చీలమండ విరగడంతో ఖాళీ ఏర్పడింది. 20 ఏళ్ల ఆరన్ ఆ స్థానంలోకి వచ్చాడు. ఏప్రిల్ 23న సెయింట్ లూయిస్‌లో విక్ రాస్కీ బంతిపై తొలి హోమ్ రన్ కొట్టాడు. తొలి సీజన్ లెక్క 13. ఆ అంకె చూసి ఎవరూ రూత్‌ను తలచుకోలేదు.

మొత్తానికి మూడు మూలాలు

ఏ ఆటగాడి కెరీర్ మొత్తాన్నయినా మూడు విషయాలు నిర్ణయిస్తాయి: ఎంత తరచుగా కొడతాడు, ఎన్ని అవకాశాలు దక్కించుకుంటాడు, ఎన్నేళ్లు ఆ స్థాయిలో నిలుస్తాడు. అభిమానుల వాదనలు ఎప్పుడూ మొదటిదాని చుట్టే తిరుగుతాయి. ఆరన్ రికార్డు ప్రధానంగా రెండోదానిమీద, మూడోదానిమీద నిలబడింది.

తరచుదనం లెక్క తీస్తే ఆరన్ అగ్రస్థానానికి చాలా దూరంలో ఉంటాడు. అధికారిక బ్యాటింగ్ అవకాశాల ప్రకారం రూత్ సుమారు 11.8 అవకాశాలకు ఒక హోమ్ రన్ కొట్టాడు. బాండ్స్ 12.9కి ఒకటి. 583 హోమ్ రన్ల మార్క్ మెగ్వయర్ 10.6కే ఒకటి. ఆరన్‌కు 16.4 అవకాశాలు పట్టాయి. క్రికెట్‌లో 52 టెస్టుల్లో 99.94 సగటు సాధించిన బ్రాడ్‌మన్‌నూ, 200 టెస్టుల్లో 15,921 పరుగులు చేసిన సచిన్‌నూ పక్కపక్కన పెడితే ఏ తేడా కనిపిస్తుందో, రూత్, ఆరన్‌ల మధ్య కనిపించేది దాదాపు అదే తేడా.

అవకాశాల లెక్కకు వస్తే చిత్రం తిరగబడుతుంది. ఆరన్‌కు దక్కినవి 12,364. రూత్‌కు 8,399. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. రూత్ తొలి ఏళ్లను బోస్టన్‌లో పిచర్‌గా గడిపాడు. 1918 ముగిసేసరికి అతడి ఖాతాలో ఉన్నవి 20 హోమ్ రన్లే. టెడ్ విలియమ్స్ రెండు యుద్ధాల్లో సైనిక సేవకు వెళ్లి దాదాపు ఐదు సీజన్లు పోగొట్టుకుని 521 దగ్గర ఆగాడు. మేస్‌కు కూడా సైన్యంలో దాదాపు రెండు సీజన్లు పోయాయి. ఆరన్ కెరీర్‌లో అటువంటి ఖాళీ లేదు. 1955 నుంచి 1970 వరకు వరుసగా 16 సీజన్లు ప్రతి ఏడాదీ కనీసం 145 మ్యాచ్‌లు ఆడాడు. ఈ ఒక్క వాక్యంలో 755 రహస్యం సగం ఉంది.

మిగతా సగం నిలకడ. ఏ ఏడాదీ 47 దాటలేదు. కానీ 1955 నుంచి 1974 వరకు వరుసగా 20 సీజన్లలో ఏ ఏడాదీ 20కి తగ్గలేదు. 40 లేదా అంతకు మించి కొట్టిన సీజన్లు ఎనిమిది. వాటిలో నాలుగు సీజన్లలో (1957, 1963, 1966, 1969) కచ్చితంగా 44 కొట్టాడు. అతడి జెర్సీ అంకె కూడా 44 కావడం ముచ్చటైన కాకతాళీయం.

ఇంకో కారణం పెద్దగా చర్చకు రాదు. ప్రమాదకరమైన బ్యాటర్‌ను పిచర్లు కావాలని వదిలేసి, నాలుగు చెడ్డ బంతులు వేసి మొదటి బేస్‌కు పంపుతుంటారు. దీన్ని ‘వాక్’ అంటారు. వాక్ వస్తే హోమ్ రన్ అవకాశం పోయినట్టే. బాండ్స్‌కు కెరీర్‌లో 2,558 వాక్‌లు వచ్చాయి. రూత్‌కు 2,062. ఆరన్‌కు 1,402 మాత్రమే. మిల్వాకీలో అతడితో పాటు ఎడీ మాథ్యూస్ ఉన్నాడు. పిచర్లు ఒకరిని తప్పించుకున్నా మరొకరిని ఎదుర్కోవాలి. ఇద్దరూ సహచరులుగా ఉన్న కాలంలో కలిసి కొట్టినవి 863 హోమ్ రన్లు. జంటల్లో అది రికార్డు. ఆరన్ స్వభావం కూడా ఇందుకు తోడైంది. వాక్ కోసం కాచుకోకుండా కొట్టదగిన బంతిని కొట్టేసేవాడు.

మణికట్టు చేసిన పని

ఆరన్ ఎత్తు ఆరడుగులు, బరువు 80 కిలోల పైచిలుకు. రూత్‌లా భారీ శరీరం కాదు. మరి బంతి అంత దూరం ఎలా వెళ్లింది?

పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చే బంతి దాదాపు 0.4 సెకన్లలో చేరుతుంది. అందులో సగానికి పైగా సమయం బంతిని చూడటానికి, ఏ రకమో పోల్చుకోవడానికి పోతుంది. చాలామంది బలమైన బ్యాటర్లు తుంటి, భుజాల భ్రమణంతో శక్తి పుట్టిస్తారు కాబట్టి ఊపు ముందే మొదలుపెట్టాలి. ఆరన్ బరువును ముందుకాలి మీదికి తెచ్చేవాడు. కానీ చేతులను వెనకే ఉంచి, చివరి క్షణంలో మణికట్టుతో బ్యాటును విసిరేవాడు. శిక్షకులు నేర్పే పద్ధతికి ఇది వ్యతిరేకం. అయితే దీనివల్ల బంతిని కనురెప్పపాటు ఎక్కువసేపు చూడగలిగాడు. బంతి వంపు తిరిగినా, వేగం తగ్గినా మోసపోయే అవకాశం తగ్గింది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. హోమ్ రన్ల వీరులు సాధారణంగా స్ట్రైక్ అవుట్లు (మంచి బంతులను మూడుసార్లు వదిలేసి లేదా తాకలేక అవుటవడం) ఎక్కువ చేస్తారు. ఆరన్ ఏ సీజన్‌లోనూ 100 స్ట్రైక్ అవుట్లు చేయలేదు. ప్లేట్ దగ్గరికి వచ్చిన ప్రతి పదిసార్లలో సుమారు ఒకసారి మాత్రమే అలా వెనుదిరిగాడు. నేటి మేజర్ లీగ్ సగటు దానికి రెట్టింపు పైనే. అతడి హిట్లు మొత్తం 3,771. 755 హోమ్ రన్లనూ తీసేసినా 3,016 మిగులుతాయి. 3,000 హిట్లు ఉంటే హాల్ ఆఫ్ ఫేమ్ దాదాపు ఖాయమనుకునే ఆటలో, హోమ్ రన్లు ఒక్కటీ లేకుండానే ఆరన్ ఆ గీత దాటతాడు. పరుగులు చేయించడంలో 2,297, మొత్తం బేస్‌లలో (హిట్ల ద్వారా దాటినవి) 6,856 నేటికీ అగ్రస్థానంలో ఉన్నాయి. అతడిని హోమ్ రన్ల వీరుడిగా మాత్రమే గుర్తుంచుకోవడం అతడి ఆటను తగ్గించడమే.

అట్లాంటా గాలి, తగ్గిన మట్టిదిబ్బ

1966లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీ నుంచి అట్లాంటాకు మారింది. ఆరన్‌కు ఇష్టం లేని తరలింపు. దక్షిణాదిలో పెరిగిన నల్లజాతి మనిషికి అక్కడికి తిరిగి వెళ్లడంలోని బెరుకు అర్థం చేసుకోదగినదే. ఆట పరంగా మాత్రం అది కలిసొచ్చింది. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తులో, వేడి వేసవిలో, గాలి సాంద్రత తక్కువగా ఉండే ఆ స్టేడియంలో బంతి ఎక్కువ దూరం ప్రయాణించేది. ‘లాంచింగ్ ప్యాడ్’ అన్న పేరు అందుకే వచ్చింది. ఆరన్ దీన్ని గుర్తించి, బంతిని ఎడమవైపు కంచె మీదికి లాగి కొట్టడం పెంచాడు. అతడి సగటు తగ్గింది, హోమ్ రన్లు తగ్గలేదు.

ఈ స్టేడియం వల్లే రికార్డు సాధ్యమైందన్న విమర్శ ఒకటి ఉంది. కెరీర్ మొత్తం చూస్తే అది నిలవదు. ఆరన్ సొంత మైదానాల్లో కొట్టినవి 385, బయటి మైదానాల్లో 370. తేడా 15 మాత్రమే. మిల్వాకీలోని 12 సీజన్లలో 398, అట్లాంటాలోని 9 సీజన్లలో 335 వచ్చాయి. అట్లాంటా గాలి అతడి చివరి ఏళ్లకు ఊతం ఇచ్చిన మాట నిజం. అయితే అంతకుముందు మిల్వాకీ మైదానం అతడికి అంత అనుకూలంగా లేదు. రెండూ కలిపి తూకం వేయాలి.

నిబంధనల మార్పు కూడా లెక్కలోకి వస్తుంది. 1960ల మధ్యలో పిచర్లదే రాజ్యం. 1963లో స్ట్రైక్ జోన్ (బంతిని మంచి బంతిగా లెక్కించే పరిధి) పెంచారు. 1968 నాటికి బ్యాటింగ్ ఎంత కుదేలైందంటే, సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు (ఒక పూర్తి మ్యాచ్) 1.12 పరుగులే ఇచ్చాడు. ఆ ఏడాది ఆరన్ 29 దగ్గర ఆగాడు. లీగ్ పెద్దలు 1969లో పిచర్ నిలబడే మట్టిదిబ్బను 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు, స్ట్రైక్ జోన్‌ను కుదించారు. ఎత్తు తగ్గితే పై నుంచి కిందికి బంతిని దించే కోణం తగ్గుతుంది, బ్యాటర్‌కు ఊరట లభిస్తుంది. 35 ఏళ్ల ఆరన్ ఆ ఏడాది 44 కొట్టాడు.

అక్కడి నుంచి అతడి కెరీర్ మిగతావారి బాట వీడింది. ఎక్కువమంది బ్యాటర్లు 35 తర్వాత వేగంగా దిగజారతారు. ఆరన్ 35 నుంచి 39 ఏళ్ల మధ్య ఐదు సీజన్లలో 203 హోమ్ రన్లు కొట్టాడు. 37 ఏళ్ల వయసులో 47 కొట్టి కెరీర్‌లోనే అత్యుత్తమ అంకె నమోదు చేశాడు. అప్పటికి కాళ్లకు శ్రమ తగ్గేలా అతడిని అవుట్‌ఫీల్డ్ నుంచి ఎక్కువగా మొదటి బేస్‌కు మార్చారు. 1973లో 39 ఏళ్ల వయసులో 120 మ్యాచ్‌లే ఆడి, 392 అవకాశాల్లో 40 కొట్టాడు. పదికి ఒకటి కన్నా మెరుగు. తరచుదనంలో రూత్‌కు వెనకబడిన ఆటగాడు, ఆ ఏడాది రూత్ కెరీర్ వేగాన్ని మించాడు.

రికార్డు దగ్గరపడే కొద్దీ

1973 సీజన్ 713 దగ్గర ముగిసింది. చివరి రోజు మూడు సింగిల్స్ (మొదటి బేస్ వరకే చేర్చే హిట్లు) కొట్టాడు గానీ కంచె దాటించలేకపోయాడు. రూత్‌ను అందుకోవడానికి ఒకటి, దాటడానికి రెండు మిగిలాయి. శీతాకాలమంతా ఎదురుచూపే.

ఆ ఏడాది ఆరన్‌కు దాదాపు 9 లక్షల 30 వేల ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం అభినందనలే. కానీ వేలకొద్దీ ఉత్తరాల్లో జాతి పేరుతో తిట్లు, చంపుతామన్న బెదిరింపులు ఉన్నాయి. కాలేజీలో చదువుతున్న కూతురిని ఎత్తుకుపోతామని కూడా బెదిరించారు. ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. అట్లాంటా పోలీసు ఒకరు అతడికి అంగరక్షకుడిగా నియమితుడయ్యాడు. ప్రయాణాల్లో ఆరన్ సహచరులకు దూరంగా వేరే పేరుతో గది తీసుకుని ఉండాల్సి వచ్చింది. ఆ ఉత్తరాలను అతడు పారేయకుండా దాచాడు.

ఇంత ద్వేషం ఎందుకు? రూత్ రికార్డు వట్టి గణాంకం కాదు. నల్లజాతి వారికి ప్రవేశం లేని కాలపు మేజర్ లీగ్‌కు, ఆ కాలపు అమెరికాకు అది గుర్తు. 1961లో తెల్లజాతి ఆటగాడు రోజర్ మారిస్ రూత్ ఒక్క సీజన్ రికార్డును (60) దాటినప్పుడు కూడా నిరసన వచ్చింది. 162 మ్యాచ్‌ల సీజన్‌లో వచ్చింది కాబట్టి దాన్ని విడిగా చూపాలని కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ అన్నారు. అంటే రూత్ పేరు మీద మమకారం ముందు నుంచీ ఉంది. ఆరన్ విషయంలో దానికి వర్ణవివక్ష తోడైంది. పౌరహక్కుల చట్టం వచ్చి పదేళ్లు కూడా నిండని దక్షిణాదిలో, ఒక నల్లజాతి మనిషి దేశపు అతిపెద్ద క్రీడా రికార్డును అందుకోబోతున్నాడు. సొంత నగరం కూడా పూర్తిగా ఆదరించలేదు. 1973 సీజన్ మొత్తానికి అట్లాంటా స్టేడియానికి వచ్చిన ప్రేక్షకులు సుమారు 8 లక్షలే. చరిత్ర కళ్లముందు జరుగుతుంటే కుర్చీలు ఖాళీగా కనిపించాయి.

1974 సీజన్ సిన్సినాటిలో మొదలైంది. రికార్డు సొంత మైదానంలో జరగాలని అక్కడి మూడు మ్యాచ్‌లకూ ఆరన్‌ను పక్కన పెట్టాలని బ్రేవ్స్ యాజమాన్యం భావించింది. గెలుపు కోసం కాకుండా టికెట్ల కోసం ఆటగాడిని ఆపడం సరికాదని కమిషనర్ బోవీ క్యూన్ అడ్డుచెప్పారు. కనీసం రెండు మ్యాచ్‌లు ఆడించాలన్నారు. ఏప్రిల్ 4న ఆరన్ ఆ సీజన్‌లో తొలిసారి బ్యాటు ఊపాడు. జాక్ బిలింగ్‌హామ్ వేసిన బంతి కంచె దాటింది. 714.

నాలుగు రోజుల తర్వాత అట్లాంటాలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో మ్యాచ్. 53,775 మంది వచ్చారు. మబ్బు పట్టిన చల్లని రాత్రి. రెండో ఇన్నింగ్స్‌లో ఆల్ డౌనింగ్ అతడికి వాక్ ఇచ్చాడు. స్టేడియం ఈలలతో నిరసన తెలిపింది. నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఎదురుపడ్డారు. తొలి బంతి మట్టిలో పడింది. రెండో బంతికి ఆరన్ ఆ రాత్రి తొలిసారి బ్యాటు ఊపాడు. బంతి ఎడమ-మధ్య కంచె వైపు లేచింది. ఫీల్డర్ బిల్ బక్నర్ కంచె ఎక్కి చేయి చాచాడు గానీ అందలేదు. అవతల బ్రేవ్స్ సహచరుడు టామ్ హౌస్ దాన్ని పట్టుకుని హోమ్ ప్లేట్ వైపు పరుగెత్తాడు. ఆరన్ బేస్‌లు చుట్టి వస్తుండగా ఇద్దరు టీనేజి కుర్రాళ్లు మైదానంలోకి దూకి అతడి పక్కన పరుగెడుతూ వీపు తట్టారు. హత్యా బెదిరింపుల నడుమ అవి ప్రాణం బిగపట్టాల్సిన క్షణాలు. అంగరక్షకుడు స్టాండ్స్‌లో ఉన్నాడు, ఆయుధం తీయలేదు. ప్లేట్ దగ్గర తల్లి ఎస్టెల్లా కొడుకును గట్టిగా హత్తుకుంది.

కమిషనర్ క్యూన్ ఆ రాత్రి అక్కడ లేరు. క్లీవ్‌లాండ్‌లో ఒక విందుకు వెళ్లి, తన తరఫున మాజీ ఆటగాడు మాంటీ ఇర్విన్‌ను పంపారు. ఆట అధిపతి గైర్హాజరు ఆరన్‌ను చాలాకాలం బాధించింది. సిన్సినాటిలో నిబంధన కోసం అంత పట్టుబట్టిన అధికారి అసలు ఘట్టానికి రాకపోవడాన్ని సమర్థించడం కష్టం.

ఆ ఏడాది చివర్లో అతడిని మిల్వాకీ బ్రూవర్స్‌కు ఇచ్చారు. ఆ జట్టు ఆడే అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే వెసులుబాటు 1973లోనే వచ్చింది. అక్కడ మరో 22 కొట్టి, 1976 జులై 20న 755తో హోమ్ రన్ల ఖాతా ముగించాడు. 1982లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో 415 ఓట్లకు 406 పడ్డాయి. ఆ తొమ్మిది మంది ఏం చూసి ఓటు వేయలేదో ఊహకు అందదు.

రూత్ కాలం, బాండ్స్ కాలం, జపాన్

రూత్ గొప్పదనాన్ని కొలవడానికి మొత్తం కన్నా సమకాలీనులతో పోలిక మేలు. 1920లో అతడు 54 కొట్టినప్పుడు అమెరికన్ లీగ్‌లో మరే జట్టూ మొత్తంగా అన్ని కొట్టలేదు. ఆరన్‌కు అటువంటి ఆధిక్యం ఎన్నడూ లేదు. లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచింది నాలుగు సీజన్లే. కానీ రూత్ ఎదుర్కొన్న పిచర్లలో సాచెల్ పేజ్ వంటి నల్లజాతి మేటి పిచర్లు లేరు, లీగ్ వారిని రానివ్వలేదు. ఆరన్ మాత్రం బాబ్ గిబ్సన్, హువాన్ మరిషల్, శాండీ కోఫాక్స్, డాన్ డ్రైస్‌డేల్‌లను ఏటా ఎదుర్కొన్నాడు. డ్రైస్‌డేల్ బంతులపైనే 17 కొట్టాడు.

బాండ్స్ విషయం వేరు. 2007 ఆగస్టు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో 756వది కొట్టినప్పుడు ఆరన్ వీడియో సందేశంలో హుందాగా అభినందించాడు. అప్పటికే బాండ్స్‌ను శక్తిని పెంచే నిషిద్ధ మందుల వివాదం చుట్టుముట్టింది. తాను తెలిసి వాడలేదని బాండ్స్ చెప్పాడు. విచారణకు ఆటంకం కలిగించాడన్న అభియోగంపై 2011లో దోషిగా తేలాడు. 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రచయితల ఓటింగ్‌లో పదేళ్ల గడువు 2022లో ముగిసేసరికి హాల్ ఆఫ్ ఫేమ్‌కు కావాల్సిన 75 శాతం అతడికి రాలేదు. మేజర్ లీగ్ అతడి అంకెను తొలగించలేదు, పక్కన గుర్తు కూడా పెట్టలేదు. కాబట్టి అధికారిక రికార్డు 762. అందులో సందేహం లేదు.

వయసు లెక్కలు మాత్రం చర్చకు తావిస్తాయి. 35 ఏళ్ల వయసుతో మొదలుపెట్టిన సీజన్ నుంచి రూత్ 198, ఆరన్ 245, బాండ్స్ 317 కొట్టారు. 36 ఏళ్లు నిండిన ఏడాదే బాండ్స్ ఖాతాలో 49, మరుసటి ఏడాది 73. ఆరన్ ముదిమి వయసు ఆట మైదానం మార్పు, నిబంధనల మార్పు, ఆడే స్థానం మార్పులతో చాలావరకు వివరించదగినది. బాండ్స్ ఎదుగుదలను అలా వివరించడం కష్టం. 755కు దక్కుతున్న నైతిక గౌరవానికి మూలం ఇదే.

జపాన్‌లో సదహారు ఓ కథ మరో తరహాది. యోమియురి జెయింట్స్ తరఫున 1959 నుంచి 1980 వరకు 22 సీజన్లు ఆడాడు. మొదటి మూడేళ్లలో అతడి అంకెలు 7, 17, 13. 1962లో కోచ్ హిరోషి అరకావా సలహాతో ముందుకాలిని పైకెత్తి ఒంటికాలిపై నిలబడి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది 38 వచ్చాయి. అక్కడి సీజన్‌లో మ్యాచ్‌లు తక్కువ, మైదానాలు చిన్నవి, పిచర్ల వేగం సగటున తక్కువ. రెండు లీగుల మొత్తాలను ఒకే వరుసలో నిలబెట్టడం అందుకే కుదరదు. అలాగని 868ని తోసిపుచ్చడమూ తగదు. 1974 నవంబరులో టోక్యోలో ఇద్దరి మధ్య జరిగిన ప్రదర్శన పోటీలో ఆరన్ 10-9తో గెలిచాడు. ఆ పరిచయం స్నేహమై, 1990లో ఇద్దరూ కలిసి పిల్లల కోసం ప్రపంచ బేస్‌బాల్ ఉత్సవం ప్రారంభించారు.

2024 మార్పు 755ను తాకిందా?

2024 మేలో మేజర్ లీగ్ సంస్థ 1920-48 మధ్య నల్లజాతి ఆటగాళ్ల కోసం నడిచిన నీగ్రో లీగుల గణాంకాలను తన పట్టికల్లో కలిపింది. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో జాష్ గిబ్సన్ 0.372తో టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. హోమ్ రన్ల పట్టిక పైభాగంలో మాత్రం ఏ మార్పూ లేదు. కారణం సులభం. ఆ లీగుల్లో అధికారిక మ్యాచ్‌లు మేజర్ లీగ్ సీజన్‌తో పోలిస్తే చాలా తక్కువ. జట్లు ఊరూరా తిరిగి ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లు లెక్కలోకి రావు. అందుకే ఫలకం మీద ‘దాదాపు 800’ అని ఉన్నా, అధికారిక పట్టికలో గిబ్సన్ హోమ్ రన్లు రెండు వందలు కూడా దాటవు. ఆరన్ క్లౌన్స్‌కు ఆడింది 1952లో, అంటే ఆ గడువు దాటాక. కాబట్టి అతడి 755 యథాతథంగా ఉంది.

మళ్లీ ఎవరైనా చేరతారా?

755 చేరాలంటే ఏటా సుమారు 38 చొప్పున 20 ఏళ్లు కొట్టాలి. ఆల్బర్ట్ పూహోల్స్ 22 సీజన్లు ఆడి 703 దగ్గర ఆగాడు. నేటి పరిస్థితులు ఆ దారిని మరింత ఇరుకు చేశాయి. పిచర్ల వేగం పెరిగింది. ఒక్క మ్యాచ్‌లోనే నలుగురైదుగురు పిచర్లు మారుతున్నారు కాబట్టి, అలసిన పిచర్‌ను మూడోసారి, నాలుగోసారి ఎదుర్కొనే వెసులుబాటు పోయింది. జట్లు ఖరీదైన ఆటగాళ్లకు విశ్రాంతి రోజులు ఇస్తున్నాయి. కాలేజీ ఆట ముగించి వచ్చేవారు మేజర్ లీగ్‌లో కుదురుకునేసరికి 24, 25 ఏళ్లు వస్తున్నాయి. ఆరన్ ఆ వయసుకే ఐదు సీజన్లు పూర్తిచేసి 140 కొట్టేశాడు.

ఈ తరంలో అత్యంత బలమైన బ్యాటర్ ఆరన్ జడ్జ్. 2022లో 62 కొట్టి అమెరికన్ లీగ్ రికార్డు నెలకొల్పాడు. 2025 సీజన్ ముగిసేసరికి, 33 ఏళ్ల వయసులో అతడి మొత్తం 368. తరచుదనంలో హ్యాంక్ ఆరన్ కన్నా చాలా ముందున్నాడు. అయితే అదే వయసుకు హ్యాంక్ ఆరన్ ఖాతాలో 481 ఉన్నాయి. జడ్జ్ ఆ తర్వాత గాయాల్లేకుండా ఏటా 40 చొప్పున కొడుతూ పోయినా 755 చేరేసరికి అతడికి 43 ఏళ్లు వస్తాయి.